మీకు తెలుసా? రైఫిల్ స్కోపుకు ఒక అంకె చాలా, రెండు కావాలా?

రైఫిల్ మీద బిగించే దుర్భిణిని స్కోపు అంటారు. కొనబోయేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎప్పుడూ ఒకే పవర్‌తో చూపే ఫిక్స్‌డ్ స్కోపు మేలా, రింగు తిప్పితే పవర్ మారే వేరియబుల్ స్కోపు మేలా? వేటగాళ్లు, సైనికులు, పోటీ షూటర్లు ఈ ప్రశ్నకు తలోరకంగా జవాబు చెప్పారు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. అవి తెలిస్తే పెట్టె మీది పెద్ద అంకె చూసి డబ్బు తగలేసే పని తప్పుతుంది.

అంకెలు ఇలా చదవాలి

స్కోపు మీద 4×32 అని ఉంటే అది ఫిక్స్‌డ్. 4 అంటే నాలుగు రెట్ల ఆవర్ధనం, షూటర్ల మాటలో నాలుగు పవర్. 32 అంటే ముందు లెన్సు వ్యాసం, మిల్లీమీటర్లలో. 3-9×40 అని ఉంటే వేరియబుల్. 3 నుంచి 9 దాకా ఎక్కడైనా నిలుపుకోవచ్చు, ముందు లెన్సు 40 మిల్లీమీటర్లు. 100 మీటర్ల దూరంలో ఉన్నది 4 పవర్‌లో 25 మీటర్ల దూరంలో ఉన్నట్టు, 9 పవర్‌లో 11 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

తుపాకీ గొట్టమంత పొడవు

1835-1840 మధ్య అమెరికాలోని యూటికా ఊళ్లో మోర్గన్ జేమ్స్ అనే తుపాకుల తయారీదారు, జాన్ చాప్‌మన్ అనే ఇంజినీరు చెప్పిన పద్ధతిలో రైఫిల్ స్కోపు చేశాడు. 1855లో సిరక్యూస్‌కు చెందిన విలియం మాల్కం బొమ్మ అంచున రంగులు రాకుండా అడ్డుకునే అక్రోమాటిక్ లెన్సులు వాడాడు. అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్లు వాడిన స్కోపులు సన్నగా, ఇంచుమించు తుపాకీ గొట్టమంత పొడవున ఉండేవి. ఆచరణలో నిలబడే టెలిస్కోపిక్ సైట్‌ను 1880లో తయారుచేసిన ఘనత ఆస్ట్రియాలోని స్ట్రాన్స్‌డార్ఫ్‌కు చెందిన ఆగస్ట్ ఫీడ్లర్‌కు ఇస్తారు. ఆయన అటవీ శాఖ ఉద్యోగి.

పందొమ్మిది డాలర్ల స్కోపు

1930 దాకా మంచి స్కోపు అంటే డబ్బున్నవాళ్ల సరుకే. ఆ ఏడాది విలియం వీవర్ అనే యువకుడు 19 డాలర్లకే స్కోపు అమ్మకానికి పెట్టాడు. సామాన్య అమెరికన్ వేటగాడి రైఫిల్ మీదికి స్కోపు చేరింది అప్పటినుంచే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తన ఎం1903ఏ4 స్నైపర్ రైఫిల్ మీద పెట్టింది కూడా వీవర్ స్కోపునే. దాని పవర్ మూడుకు లోపే. యుద్ధం ముగిశాక వీవర్ తెచ్చిన కె4 అనే నాలుగు పవర్ ఫిక్స్‌డ్ స్కోపు ఒక తరం వేటగాళ్లకు ప్రమాణమైపోయింది.

ప్రపంచయుద్ధం చాలావరకు గడిచింది నాలుగు పవర్‌లోపే

సోవియట్ స్నైపర్లు మోసిన్ రైఫిళ్ల మీద వాడిన పీయూ స్కోపు మూడున్నర పవర్. బ్రిటిష్ వారి నంబర్ 32 స్కోపు మూడు పవర్. జర్మన్ స్నైపర్ల స్కోపుల్లో చాలావి నాలుగు పవర్. అన్నీ ఫిక్స్‌డే. 1939-40 శీతాకాల యుద్ధంలో పేరు మోసిన ఫిన్లాండ్ గురికాడు సిమో హయ్హా అసలు స్కోపే వాడలేదు. స్కోపులో చూడాలంటే తల కాస్త పైకెత్తాలి. చలికి అద్దం మసకబారుతుంది, ఎండ తగిలితే తళుక్కుమని జాడ చెప్పేస్తుంది. ఆయన మామూలు ఇనుప సైట్లతోనే పని కానిచ్చాడు.

మసకబారిన అద్దం పుట్టించిన స్కోపు

అమెరికాలోని లూపోల్డ్ కంపెనీ 1907లో మొదలైంది. అప్పట్లో వాళ్ల పని భూమి సర్వే పరికరాలు. వేటకు వెళ్లిన మార్కస్ లూపోల్డ్‌కు స్కోపు లోపల ఆవిరి పట్టి జింక తప్పిపోయిందని, ఇంతకంటే మంచిది తానే చేస్తానన్నాడని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. 1947లో వాళ్ల మొదటి స్కోపు వచ్చింది. లోపలి తేమ గాలిని తీసేసి పొడి నైట్రోజన్ నింపే పద్ధతి అలా స్కోపుల్లోకి అడుగుపెట్టింది. ఈ విషయంలో ఫిక్స్‌డ్‌కు ఒక సహజమైన వెసులుబాటు ఉంది. వేరియబుల్‌లో బయటి రింగును లోపలి లెన్సులతో కలపడానికి గొట్టానికి ఒక గాడి తీయాలి. ఆ గాడిని రబ్బరు వలయాలతో మూయాలి. ఫిక్స్‌డ్‌లో ఆ గాడే ఉండదు కాబట్టి గాలి, నీరు చొరబడే దారి ఒకటి తగ్గినట్టే.

రింగు తిప్పినప్పుడు లోపల జరిగేది

ముందు లెన్సు ఏర్పరచే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి స్కోపు మధ్యలో ఎరెక్టర్ అనే లెన్సుల జంట ఉంటుంది. ఫిక్స్‌డ్‌లో ఆ జంట ఒకచోట బిగించి ఉంటుంది. వేరియబుల్‌లో మాత్రం వంపు గాడులున్న ఒక చిన్న గొట్టం వాటిని ముందుకీ వెనక్కీ జరుపుతుంది. రింగు తిప్పితే ఆ గొట్టం తిరుగుతుంది. లెన్సులు గాడుల వెంట జరుగుతాయి, బొమ్మ పెరుగుతుంది లేదా తగ్గుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గాడిలో వెంట్రుకవాసి వదులు ఉన్నా లెన్సులు కాస్త పక్కకు ఒరుగుతాయి, గురి మారిపోతుంది. 3 పవర్‌లో సరిచేసుకున్న గురి 9 పవర్‌లో తప్పుతుంది. పాతకాలపు వేటగాళ్లు వేరియబుల్‌ను నమ్మకపోవడానికి పెద్ద కారణం ఇదే. మంచి కంపెనీల నేటి స్కోపుల్లో ఈ లోపం దాదాపు కనిపించదు, చవక వాటిలో ఇప్పటికీ ఎదురవుతుంది. పరీక్ష తేలికే. రేంజిలో ఒకే కాగితం మీద తక్కువ పవర్‌తో మూడు తూటాలు, ఎక్కువ పవర్‌తో మూడు, మళ్లీ తక్కువతో మూడు కాల్చండి. అన్నీ ఒకే గుంపుగా పడితే స్కోపు నమ్మదగినది. రెండు గుంపులుగా విడిపోతే దాన్ని వెనక్కి ఇచ్చేయాల్సిందే.

ఒక్కో అద్దం ముఖం నాలుగు శాతం తినేసేది

పూత లేని గాజు ముఖాన్ని దాటే ప్రతిసారీ వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి ప్రతిఫలిస్తుంది. లోపల గాలికి ఎదురయ్యే ముఖాలు 12 ఉంటే చివరకు కంటికి చేరేది 61 శాతం. 20 ఉంటే 44 శాతమే. వేరియబుల్‌కు లెన్సులు ఎక్కువ కావాలి కాబట్టి ఒకప్పుడు అది ఫిక్స్‌డ్ కంటే మసకగా ఉండేది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా ప్రతిఫలనాన్ని తగ్గించే పలుచని పూత కనిపెట్టాడు. నేటి బహుళ పొరల పూతలతో ముఖానికి అర శాతం పోయిందనుకున్నా, 20 ముఖాలు దాటాక 90 శాతం మిగులుతుంది. వెలుతురు విషయంలో ఫిక్స్‌డ్‌దే పైచేయి అన్న పాత మాట ఇప్పుడు చాలావరకు చెల్లదు. అయితే ఒకే ధరలో రెండూ ఉంటే తేడా ఇప్పటికీ ఉండొచ్చు. ఫిక్స్‌డ్‌లో యంత్రభాగాలకు పెట్టని ఖర్చును తయారీదారు గాజు మీద పెట్టగలడు.

వెలుతురు బిళ్లను స్కేలుతో కొలవొచ్చు

రైఫిల్‌కు బిగించని స్కోపును చేయి చాచి పట్టుకుని, వెలుతురున్న కిటికీ వైపు పెట్టి వెనక లెన్సును చూడండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. అద్దం మధ్యలో గుండ్రని వెలుతురు బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ముందు లెన్సు వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే వచ్చేదే దాని వ్యాసం. 4×32కు 8 మిల్లీమీటర్లు. 3-9×40ను 9 మీద పెడితే 4.4 మాత్రమే. వేరియబుల్ చేతిలో ఉంటే రింగు తిప్పుతూ చూడండి, పవర్ పెరిగేకొద్దీ ఆ బిళ్ల కళ్లముందే కుంచించుకుపోతుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మన కంటిపాప పగటి ఎండలో 2 నుంచి 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. చీకట్లో పడుచువాళ్లకు 7 దాకా తెరుచుకుంటుంది. వయసు మీదపడ్డాక చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది. బిళ్ల కంటిపాప కంటే చిన్నదైతే బొమ్మ మసకగా కనిపిస్తుంది. పెద్దదైతే మిగిలిన వెలుతురు వృథా, కానీ కన్ను కాస్త అటూ ఇటూ కదిలినా బొమ్మ తప్పిపోదు. మునిచీకటి వేళ మసకగా ఉందని కొందరు పవర్ పెంచుతారు. అప్పుడు బొమ్మ ఇంకా చీకటవుతుంది. వెలుతురు తగ్గుతున్నప్పుడు వేరియబుల్ రింగును కిందికి తిప్పడమే చాలాసార్లు సరైన పని.

8×56 వెనక లెక్క

జర్మనీ, ఆస్ట్రియాల్లో అడవిపందుల వేట ఎక్కువగా మునిచీకట్లో, వెన్నెల్లో మంచెల మీద కూర్చుని సాగుతుంది. అక్కడ తరతరాలుగా వాడే స్కోపు 8×56 ఫిక్స్‌డ్. 56ను 8తో భాగిస్తే 7. చీకట్లో పూర్తిగా తెరుచుకున్న కంటిపాపకు అతికినట్టు సరిపోతుంది. వేటగాళ్లకు నచ్చిన మరో ఫిక్స్‌డ్ 6×42 లెక్క కూడా 7కే తేలుతుంది. ఓడల మీద వాడే 7×50 బైనాక్యులర్‌దీ ఇదే లెక్క.

దగ్గరగా చూస్తే లోకం చిన్నదవుతుంది

మామూలు 3-9 స్కోపులో 3 పవర్ దగ్గర, 100 మీటర్ల దూరాన సుమారు పది మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 9 దగ్గర నాలుగు మీటర్లు మిగిలితే గొప్ప. 9 మీద పెట్టుకుని పొదల్లో నడిచేవాడికి ఎదురుగా జంతువు లేస్తే స్కోపు నిండా బొచ్చు తప్ప మరేమీ కనిపించదు. అనుభవజ్ఞులు వేరియబుల్‌ను మోసేటప్పుడు ఎప్పుడూ అతి తక్కువ పవర్ మీదే ఉంచుతారు. దూరాన ఏదైనా కనిపిస్తే రింగు తిప్పడానికి తీరిక దొరుకుతుంది. దగ్గర్లో లేస్తే దొరకదు.

గురిగీతలు ఎక్కడ ఉన్నాయన్నది అసలు ప్రశ్న

వేరియబుల్ కొనేవాళ్లు పవర్ కంటే ముందు అడగాల్సింది ఇది. స్కోపులో కనిపించే గురిగీతలను రెటికిల్ అంటారు. అవి ఎరెక్టర్‌కు ముందుంటే ఫస్ట్ ఫోకల్ ప్లేన్, వెనక ఉంటే సెకండ్ ఫోకల్ ప్లేన్. మొదటి రకంలో పవర్ పెంచితే బొమ్మతో పాటు గీతలూ లావవుతాయి. రెండో రకంలో బొమ్మ పెరుగుతుంది, గీతలు మాత్రం అలాగే ఉంటాయి.

చాలా రెటికిల్స్ మీద మిల్ అనే కొలతతో గుర్తులుంటాయి. ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 500 మీటర్ల దగ్గర 50 సెంటీమీటర్లు. 500 మీటర్ల దూరంలో తూటా కిందికి దిగే దూరాన్ని సరిపెట్టడానికి 2 మిల్లుల పైకి, అంటే ఒక మీటరు పైకి గురిపెట్టాలనుకోండి. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోపులో ఆ గుర్తులు సాధారణంగా అత్యధిక పవర్ దగ్గరే నిజం చెబుతాయి. సగం పవర్ మీద అదే గుర్తు 4 మిల్లులకు సమానమవుతుంది. తూటా లక్ష్యానికి మీటరు పైనుంచి పోతుంది. తప్పు షూటర్‌ది కాదు, తుపాకీది కాదు, రింగు ఉన్న చోటుది.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఈ బాధ లేదు, కానీ తక్కువ పవర్‌లో గీతలు సాలెపోగుల్లా సన్నబడి కనిపించకుండా పోవచ్చు. ఫిక్స్‌డ్‌లో గీతలు ఎక్కడున్నా ఒకటే. ఒక గుర్తుకు ఎప్పుడూ ఒకటే అర్థం. ఒత్తిడిలో ఉన్నవాడికి అది చిన్న మేలు కాదు.

రింగే దూరం చెప్పేది

లేజర్ పరికరాలు చేతికి రాకముందు దూరం కొలవడానికి కూడా పవర్ రింగునే వాడారు. అమెరికా మెరైన్లు వియత్నాంలో వాడిన రెడ్‌ఫీల్డ్ 3-9 స్కోపులో రెండు అడ్డగీతలుండేవి. మనిషి భుజం నుంచి నడుము దాకా సుమారు 18 అంగుళాలు ఆ గీతల మధ్య ఇమిడేదాకా రింగు తిప్పితే, దూరం ఎంతో లోపలి స్కేలు మీద కనిపించేది. అమెరికా సైన్యం కోసం జేమ్స్ లెదర్‌వుడ్ రూపొందించిన స్కోపు ఇంకో అడుగు ముందుకు వేసింది. రింగు తిప్పగానే ఒక క్యామ్ స్కోపు వాలును కూడా మార్చి, ఆ దూరానికి గురిని తానే సరిచేసేది.

సోవియట్‌లు మాత్రం ఫిక్స్‌డ్‌తోనే ఆ పని సాధించారు. 1963లో సైన్యంలోకి వచ్చిన డ్రగునోవ్ రైఫిల్ మీది పీఎస్‌ఓ-1 స్కోపు 4×24. దాని అద్దంలో ఒక మూల మెట్టుమెట్టుగా వంపు గీత ఉంటుంది. 1.7 మీటర్ల మనిషి పాదాలు కింది గీత మీద, తల వంపు మీద ఆనిన చోట దూరం రాసి ఉంటుంది. పవర్ ఎప్పటికీ మారదు కాబట్టే ఆ గీత ఎప్పుడూ నిజమే చెబుతుంది. మన సైన్యం కూడా దశాబ్దాలుగా డ్రగునోవ్ వాడుతోంది.

ఒకే దళం పదేపదే మనసు మార్చుకుంది

ఫిక్స్‌డా, వేరియబులా అన్న వాదన ఎంత గట్టిదో అమెరికా మెరైన్ల కథ చూస్తే తెలుస్తుంది. 1966లో ఎం40 స్నైపర్ రైఫిల్ మీద రెడ్‌ఫీల్డ్ 3-9 వేరియబుల్ పెట్టారు. వియత్నాం అడవుల తేమకు, దెబ్బలకు అది సరిగా తట్టుకోలేకపోయింది. అదే యుద్ధంలో మెరైన్ స్నైపర్ కార్లోస్ హాత్‌కాక్ తన వించెస్టర్ రైఫిల్ మీద వాడింది యూనర్టల్ కంపెనీ 8 పవర్ ఫిక్స్‌డ్. తర్వాత వచ్చిన ఎం40ఏ1 రైఫిల్‌కు మెరైన్లు అదే కంపెనీ 10 పవర్ ఫిక్స్‌డ్ తెచ్చుకున్నారు. 1988లో అమెరికా సైన్యం తన ఎం24 స్నైపర్ రైఫిల్‌కు కూడా 10 పవర్ ఫిక్స్‌డ్‌నే ఎంచుకుంది.

ఇరవై ఒకటో శతాబ్దంలో గాలి మళ్లీ వేరియబుల్ వైపు తిరిగింది. మెరైన్లు ష్మిట్ అండ్ బెండర్ 3-12కు, సైన్యం ఎం2010 రైఫిల్ మీద 6.5-20కి మారాయి. ఫిక్స్‌డ్ చెడిపోయిందని కాదు. లోపలి యంత్రం దెబ్బలకు తట్టుకునేంత గట్టిపడింది, ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌తో ఏ పవర్‌లోనైనా కొలతలు నిలిచాయి. ఇరుకు వీధుల్లో ఒక పవర్, కొండల మధ్య ఇంకో పవర్ కావాల్సి వచ్చింది. మెరైన్ పదాతి దళంలోనూ ఇదే జరిగింది. ఏళ్ల తరబడి 4×32 ఫిక్స్‌డ్ వాడి, 2020లో 1-8 వేరియబుల్‌ను ఎంచుకున్నారు.

రెండింటి మధ్య మూడో దారి

కెనడాలో తయారయ్యే ఎల్కాన్ స్పెక్టర్ డీఆర్ అనే సైట్‌కు రింగు ఉండదు, మీట ఉంటుంది. అటు వేస్తే 1 పవర్, ఇటు వేస్తే 4 పవర్. మధ్యలో ఏమీ లేదు. వాడేవాడికి ఎప్పుడూ రెండే స్థితులు గుర్తుంటాయి, లెన్సులు కూడా రెండు చోట్ల మాత్రమే నిలుస్తాయి.

ఎండలో పవర్ పెంచితే బొమ్మ ఉడుకుతుంది

నేల వేడెక్కినప్పుడు పైకి లేచే గాలి అలలు స్కోపులో బొమ్మను కదిలిస్తాయి. పవర్ ఎంత పెంచితే ఆ వణుకు కూడా అంత పెద్దదవుతుంది. 5-25 స్కోపు చేతిలో ఉన్న దూరపు షూటర్లు మిట్టమధ్యాహ్నం 12, 15 దగ్గరికి తగ్గించుకోవడం మామూలే. ఇది వేరియబుల్‌కు దక్కే నిజమైన లాభం. 25 పవర్ ఫిక్స్‌డ్ ఉన్నవాడికి చల్లబడేదాకా ఆగడమే మార్గం. చేతి వణుకుదీ ఇదే పద్ధతి. వణుకు ఎప్పుడూ ఉన్నదే, పెద్ద పవర్ దాన్ని పెద్దది చేసి చూపి కంగారు పెడుతుంది.

పారలాక్స్‌కు పవర్‌తో పని లేదు

తల కదిలిస్తే గురిగీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడమే పారలాక్స్. సర్దుబాటు లేని వేట స్కోపులను సాధారణంగా 100 గజాల దూరానికి స్థిరపరుస్తారు. ఎక్కువ పవర్ ఉంటే ఈ తప్పు ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. నిజానికి గరిష్ఠంగా ఎంత తప్పొచ్చు అన్నది ముందు లెన్సు సైజును, దూరాన్ని బట్టి ఉంటుంది. 100 మీటర్లకు స్థిరపరచిన 40 మిల్లీమీటర్ల స్కోపుతో 200 మీటర్ల దూరంలో కన్ను ఎంత పక్కకు పెట్టినా తప్పు 20 మిల్లీమీటర్లు దాటదు. వేటకు అది పట్టించుకోదగ్గది కాదు, కాగితం మీద పోటీకి మాత్రం పెద్దదే.

కనుబొమ మీద చీలిక

స్కోపుకు, కంటికి మధ్య ఉండాల్సిన దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. చాలా స్కోపులకు అది 75 నుంచి 100 మిల్లీమీటర్లు. కన్ను దగ్గరగా పెట్టి గట్టి రైఫిల్ పేలిస్తే వెనక అంచు వచ్చి కనుబొమను చీలుస్తుంది. చాలా వేరియబుల్స్‌లో పవర్ మారితే ఈ దూరం కూడా మారుతుంది. బిగించేటప్పుడు అత్యధిక పవర్ మీద పెట్టి, తల సహజంగా ఆనే చోట నిండు బొమ్మ కనిపించేలా సరిచూసుకోవాలి. 1990ల చివర్లో వచ్చిన స్టైర్ స్కౌట్ రైఫిల్ మీద రెండున్నర పవర్ ఫిక్స్‌డ్‌ను కంటికి చాలా ముందుగా బిగించారు. రెండు కళ్లూ తెరిచి గురిపెట్టడానికి ఆ ఏర్పాటు.

పోటీల రూలు పుస్తకాలు ఏమంటున్నాయి

బెంచ్‌రెస్ట్ పోటీల్లో రైఫిల్‌ను ఆధారం మీద పెట్టి కాగితం మీద అతి చిన్న గుంపు కాలుస్తారు. దూరం మారదు, లక్ష్యం కదలదు. అందుకే అక్కడ 36 నుంచి 45 పవర్ దాకా ఫిక్స్‌డ్ స్కోపులు ఇప్పటికీ దర్జాగా నిలిచాయి. అదే ఆటలో హంటర్ తరగతిలో మాత్రం 6 పవర్ దాటకూడదు.

బ్రిటన్‌లో ఎయిర్ రైఫిళ్లతో ఆడే హంటర్ ఫీల్డ్ టార్గెట్‌లో ఆట మొదలయ్యాక పవర్ గానీ ఫోకస్ గానీ ముట్టుకోకూడదు. వేరియబుల్ తెచ్చినవాడూ ఫిక్స్‌డ్‌లాగే వాడాలి. పవర్ పెరిగేకొద్దీ స్పష్టంగా కనిపించే దూరాల పరిధి తగ్గుతుంది కాబట్టి, అక్కడివాళ్లు పది పవర్ చుట్టుపక్కల సర్దుకుంటారు.

1992 నుంచి 2004 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న 10 మీటర్ల రన్నింగ్ టార్గెట్ పోటీలో స్కోపు వాడొచ్చు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో మిగిలిన రైఫిల్ పోటీల్లో స్కోపుకు చోటే లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసే అపర్చర్ సైట్లతోనే. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పవర్ ఏమీ లేకుండా దాన్ని కొట్టినవాళ్లున్నారంటే, గురి అంటే ముందు శరీరం, శ్వాస, వేలు అని అర్థం చేసుకోవాలి.

ఎయిర్ రైఫిల్ స్కోపును చంపుతుంది

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పేల్చినప్పుడు లోపలి పిస్టన్ కదలికతో తుపాకీ మొదట వెనక్కి, వెంటనే ముందుకు కుదుపుతుంది. తూటా రైఫిళ్ల కోసం చేసిన స్కోపులు వెనక్కి తన్నే దెబ్బకు మాత్రమే సిద్ధంగా ఉంటాయి. ముందుకు లాగే కుదుపుకు లోపలి లెన్సులు, గీతలు వదులైపోతాయి. ఖరీదైన స్కోపు కూడా ఇలా పాడవుతుంది. ఎయిర్ గన్‌కు తగినదని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. పారలాక్స్ పది మీటర్ల దాకా దిగేదైతే మంచిది. పెరట్లో సాధన చేసేవాడికి గట్టి 4×32 ఫిక్స్‌డ్ చాలా కాలం తోడుంటుంది.

థర్మల్ స్కోపుల జూమ్ వేరు

వేడిని చూసి బొమ్మ చూపే థర్మల్ స్కోపుల్లో చాలావాటికి అసలు పవర్ ఒక్కటే, లెన్సు నిర్ణయించినది. ఆపై 2, 4 రెట్లు అని రాసేది డిజిటల్ జూమ్. తెర మీది చుక్కలను పెద్దవి చేస్తుంది తప్ప కొత్త వివరం తేదు. కొనేటప్పుడు బేస్ మాగ్నిఫికేషన్ ఎంతో అడగండి.

బందరులో లెన్సుల పరిశ్రమ

తెలుగు నేలకు లెన్సుల విద్య కొత్త కాదు. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాల పరికరాలకు, దృశ్య పరికరాలకు పేరు తెచ్చుకుంది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. నేడు ఆ మచిలీపట్నం యూనిట్ మన సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేస్తోంది.

స్కోపును బైనాక్యులర్‌లా వాడకండి

రైఫిల్‌కు బిగించిన స్కోపుతో దేన్ని చూస్తే తుపాకీ మూతి దానివైపే ఉంటుంది. పొద చాటున కదిలింది జంతువో మనిషో తేల్చుకోవడానికి స్కోపు ఎత్తడమంటే మనిషి మీదికి తుపాకీ ఎక్కుపెట్టడమే. వేరియబుల్ చేతిలో ఉన్నవాడికి ఈ ఆశ మరీ ఎక్కువ. చూడడానికి బైనాక్యులర్, కాల్చడానికి స్కోపు. ఈ నియమానికి మినహాయింపు లేదు. మన దేశంలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వన్యప్రాణుల వేట నిషిద్ధం. ఇక్కడ స్కోపు పని రేంజిలో కాగితం ముందే.

ఇంతకీ ఏది కొనాలి?

దూరం ఒకటే, వెలుతురు ఒకటే అయితే ఫిక్స్‌డ్ తీసుకోండి. బరువు తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ, అదే ధరకు మంచి గాజు దొరుకుతుంది. అడవిలో 150 మీటర్లలోపు వేటాడే దేశాల్లో 4 పవర్, బయళ్లలో 6 పవర్ ఇప్పటికీ చాలు. ఒకే రైఫిల్‌తో పొదల్లోనూ బయళ్లలోనూ తిరగాలంటే, దూరాలు మారే పోటీలు ఆడాలంటే వేరియబుల్ తీసుకోండి. అప్పుడు పై అంకెను కాక కింది అంకెను ముందు చూడండి. అవసరమైనంత కిందికి దిగని స్కోపు దగ్గరి పనికి చేతులు కట్టేస్తుంది. 5-25 లాంటి పెద్ద స్కోపులు ఒక్కోటి కిలో దాకా బరువుంటాయని, ఆ బరువు రోజంతా భుజం మీదే ఉంటుందని మరచిపోకండి. గురిగీతలు ఏ ప్లేన్‌లో ఉన్నాయో అడగండి. డబ్బు తక్కువైతే చవక వేరియబుల్ కంటే మంచి ఫిక్స్‌డ్ ఎప్పుడూ మేలు. మిగిలిన డబ్బును తూటాలకు, సాధనకు పెట్టండి. గురిని బాగుచేసేది అదే.